సున్నా వేరు, ఖాళీ వేరు

(ప్రపంచ వాతావరణ దినోత్సవం సందర్భంగా మన సంఘం సమావేశంలో ఒక విశ్రాంత తహసీల్దారు చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో కరువు భత్యం గురించి ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఈరోజు మార్చి 23. ప్రపంచ వాతావరణ సంస్థ ఒడంబడిక 1950లో ఇదే తేదీన అమలులోకి వచ్చింది. అందుచేత ఈ ఒక్క పూటకు కరువు భత్యాన్ని పక్కన పెట్టి, అసలు కరువునూ వాననూ కొలిచే సాధనాల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆజ్ఞాపించారు. నేను వాతావరణ శాఖవాణ్ణి కాను, రెవెన్యూవాణ్ణి. అయితే 1972లో రాయలసీమలో ఒక తాలూకా ఆఫీసులో గుమస్తాగా చేరినప్పుడు నాకు అప్పగించిన పనుల్లో రెయిన్‌గేజ్ ఒకటి. ఆ అర్హతతోనే మీ ముందు నిలబడ్డాను.

మాది వ్యవసాయ కుటుంబం. మా నాయనకు మిల్లీమీటర్లు తెలియవు. ఆయన వానను మూడు విధాలుగా కొలిచేవాడు. ఇంటి ముందరి రోలు ఎంత నిండిందో చూసేవాడు. మిద్దె దోనె నుంచి నీళ్లు ఎంతసేపు పడ్డాయో గమనించేవాడు. తెల్లవారి చేనికి పోయి వేళ్లతో మట్టి తవ్వి, పదును ఎంత లోతుకు దిగిందో చూసేవాడు. మూడోది మంచి కొలత. విత్తనం వేయాలా వద్దా అన్నది అదే చెబుతుంది. కానీ మా చేను పదును పక్క ఊరివాళ్లకు పనికిరాదు, పోయిన సంవత్సరం పదును ఈ సంవత్సరం ఎవరికీ గుర్తుండదు. పది ఊళ్లకు, పది సంవత్సరాలకు సరిపోల్చి చూసుకోవాలంటే అందరికీ ఒకే పాత్ర, ఒకే గంట, ఒకే పుస్తకం ఉండాలి. వాతావరణ సాధనాల రహస్యమంతా ఈ మూడింటిలోనే ఉంది.

ఇది తెల్లదొరలు మనకు నేర్పిన విద్య అనుకుంటాం. కౌటిల్యుని అర్థశాస్త్రంలోనే ధాన్యాగారం ముందు మూరెడు వెడల్పు మూతిగల కుండను వర్షం కొలవడానికి ఉంచాలని ఉంది. ఏ దేశంలో ఎన్ని ద్రోణాల వాన పడుతుందో అందులో చెప్పారు. ఆ వానను బట్టి ఏ పంట వేయించాలో సీతాధ్యక్షుడు, అంటే వ్యవసాయాన్ని చూసే అధికారి, నిర్ణయించాలి. కాబట్టి వానకు, శిస్తుకు, గిడ్డంగికి ఉన్న చుట్టరికం చాలా పాతది. తాలూకా కచేరీ ఆవరణలో రెయిన్‌గేజ్ ఎందుకున్నదని అడిగినవారికి నేను ఇదే జవాబు చెప్పేవాణ్ణి. భారత వాతావరణ శాఖ ఏర్పడింది తరువాత, 1875లో.

ఇక మా రెయిన్‌గేజ్ సంగతి. అది సైమన్స్ రకం. పైన అయిదు అంగుళాల వ్యాసంగల గరాటు, లోపల నీళ్లు చేరే సీసా, చుట్టూ లోహపు డబ్బా. దాన్ని సిమెంటు దిమ్మెలో కదలకుండా బిగించి, గరాటు అంచు నేలకు సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తున, సరిసమానంగా ఉండేట్టు పెడతారు. మరీ కిందికుంటే నేలమీద పడిన చినుకులు చిట్లి లోపలికి పోతాయి. మరీ పైకుంటే గాలి చినుకులను పక్కకు తోసేస్తుంది. దగ్గరలో చెట్టుగానీ గోడగానీ ఉంటే దాని ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో గేజ్ ఉండాలి. తరువాతి కాలంలో ఫైబర్ గేజ్‌లు వచ్చాయి. సూత్రం మాత్రం అదే.

రోజూ ఉదయం సరిగ్గా 8 గంటల 30 నిమిషాలకు సీసాలోని నీటిని కొలత గ్లాసులో పోసి, గ్లాసును చదునైన చోట పెట్టి, కంటిని నీటిమట్టానికి సమానంగా దించి చూడాలి. గ్లాసు అంచున నీరు కొంచెం పైకి పాకి, మధ్యలో పల్లంగా ఉంటుంది. ఆ పల్లం దగ్గరి గీతనే చదవాలి. మెట్రిక్ కొలతలు రాకముందు అంగుళాలు, సెంట్లు అని రాసేవారు. వంద సెంట్లు ఒక అంగుళం, అంటే 25.4 మిల్లీమీటర్లు. ఈ పని నాకు నేర్పింది అధికారులు కాదు, మా ఆఫీసులోని ముసలి బంట్రోతు. ఆయనకు సంతకం తప్ప చదువు లేదు. కానీ గ్లాసు ముందు గొంతు కూర్చుని, ఊపిరి బిగబట్టి చూసేవాడు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఈ ఉదయం 8.30కి కొలిచింది నిన్న ఉదయం 8.30 నుంచి కురిసిన వాన. దాన్ని ఈరోజు తేదీన రాస్తారు. అంటే నిన్న రాత్రి కురిసిన వాన పుస్తకంలో ఈరోజు వానగా కనిపిస్తుంది. ఈ మాట గుర్తుంచుకోండి, తరువాత అవసరమవుతుంది.

1974లో నన్ను ఒక రోజు అనంతపురంలోని అబ్జర్వేటరీ చూసి రమ్మని పంపారు. అంతవరకు ఒక్క డబ్బాతో కాపురం చేసినవాడికి అక్కడ పెద్ద సంసారమే కనిపించింది. నాలుగు కాళ్ల మీద నిలబెట్టిన తెల్లటి చెక్కపెట్టె. గోడలకు బదులు ఏటవాలు పలకలు, గాలి ఆడుతుంది గానీ ఎండ తగలదు. తలుపు ఉత్తరం వైపు ఉంటుంది, తెరిచినా సూర్యుడు లోపలికి చూడడు. దాన్ని స్టీవెన్సన్ స్క్రీన్ అంటారు. దాన్ని రూపొందించిన థామస్ స్టీవెన్సన్ సముద్రపు దీపస్తంభాలు కట్టిన ఇంజనీరు. ‘ట్రెజర్ ఐలండ్’ నవల రాసిన రాబర్ట్ లూయీ స్టీవెన్సన్‌కు తండ్రి.

ఆ పెట్టెలో నాలుగు థర్మామీటర్లు ఉన్నాయి. ఒకటి మామూలుది. ఒకటి గరిష్ఠం చూపేది. మన జ్వరం థర్మామీటరు మాదిరే దాని గొంతు సన్నం, పైకెక్కిన పాదరసం విదిలిస్తేనే దిగుతుంది. ఇంకొకటి కనిష్ఠం చూపేది. అందులో స్పిరిటు, దానిలో చిన్న గాజు పుల్ల ఉంటాయి. చల్లబడేకొద్దీ స్పిరిటు పుల్లను వెనక్కు లాగుతుంది, వేడెక్కినప్పుడు దాన్ని అక్కడే వదిలి తాను ముందుకు పోతుంది. నాలుగోదాని బుడ్డికి తడి గుడ్డ చుట్టి ఉంటుంది. మట్టికుండ నీళ్లను ఎలా చల్లబరుస్తుందో ఆ గుడ్డ ఆరుతూ బుడ్డిని అలాగే చల్లబరుస్తుంది. గాలి పొడిగా ఉంటే తడిదానికీ పొడిదానికీ తేడా ఎక్కువ. గాలిలో తేమ నిండుగా ఉంటే రెండూ ఒకటే చూపుతాయి. అంటే గుడ్డ ఆరదు. గుడ్డ ఆరని రోజు మన ఒంటి చెమటా ఆరదు. అందువల్ల కోస్తాలో 38 డిగ్రీలు సీమలో 41 కన్నా ఎక్కువ బాధపెట్టవచ్చు. మన వయసువారు ఎండాకాలంలో ఉష్ణోగ్రత ఒక్కటే కాక తేమ కూడా చూసుకుని బయటికి వెళ్లాలి. ఇంకొక సంగతి. రేడియోలో, టీవీలో చెప్పే ఉష్ణోగ్రత అటువంటి పెట్టెలో నీడన తీసిన లెక్క. బస్టాండులో తారురోడ్డు మీద నిలబడినవాడికి తగిలే వేడి అంతకంటే ఎక్కువే.

సూర్యకాంతిని రాసే సాధనాన్ని మాత్రం తరువాత ఒక వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చూశాను. గాజుగుండు ఒకటి, దాని వెనుక వంపు తిరిగిన గిన్నెలో ఒక కార్డు. చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చాం కదా, అదే విద్య. సూర్యుడు నడిచినంత మేరా కార్డు మీద కాలిన గీత పడుతుంది. మబ్బు అడ్డం వచ్చినచోట గీత తెగుతుంది. కాంప్‌బెల్ 1853లో చేసిన గాజుగుండును స్టోక్స్ 1879లో మెరుగుపరిచాడు. చక్రం లేదు, ముల్లు లేదు, కరెంటు లేదు. సూర్యుడు తన హాజరు తానే వేసుకునే రిజిస్టరు అది.

అనంతపురంలో ఆ రోజు అక్కడి పరిశీలకుడు నాకు తమ పుస్తకం చూపించారు. ఒక గడిలో అంకె బదులు చిన్న గీత ఉంది. ఇదేమిటని అడిగాను. “ఆ పూట చూడలేకపోయాం. చూడలేదని రాయడం తప్పు కాదు బాబూ, చూడకుండా చూశామని రాయడం తప్పు. సున్నా అంటే వాన లేదని అర్థం. గీత అంటే మాకు తెలియదని అర్థం. రెండూ ఒకటి కావు” అన్నారు. తల ఊపి వచ్చాను.

ఆ మాట విని ఏడాదిన్నర కాకముందే నేను చేసిన పని ఇప్పుడు మీకు చెప్పాలి. ఇంతవరకు ఏ సభలోనూ చెప్పలేదు.

1975 దసరా సెలవులు. మా అత్తగారి ఊరు పోయాను. బంట్రోతుకు చెప్పి పోయాను గానీ ఆయనకు జ్వరం వచ్చి ఇంట్లో పడుకున్నాడు. మూడు ఉదయాలు ఎవరూ గేజ్ చూడలేదు. నాలుగో రోజు పొద్దున వచ్చి చూస్తే సీసాలో నీళ్లున్నాయి. మూడు విడతలుగా కొలిచాను. 52.4 మిల్లీమీటర్లు. నిబంధన ప్రకారం మూడు గడుల్లో గీతలు పెట్టి, నాలుగో గడిలో ఇది నాలుగు రోజుల మొత్తం అని రిమార్కు రాయాలి. రాస్తే నేను లేనన్న సంగతి బయటపడుతుంది. ముసలాయనకూ మాట వస్తుంది. అందుకని మూడు రోజులూ చూసినట్లుగా మూడు సున్నాలు వేసి, నాలుగో రోజు 52.4 రాశాను. నెల మొత్తం సరిగ్గానే వచ్చింది. కాబట్టి నా తప్పు ఎవరికీ దొరకలేదు.

మూడు వారాల తరువాత ఒక రైతుకూలీ అర్జీ నా బల్ల మీదికి వచ్చింది. సెలవుల్లో మొదటి రాత్రి కురిసిన వానకు అతని మట్టిమిద్దె కూలింది. మట్టిమిద్దె సంగతి సీమవారికి తెలుసు. పైన పరచిన చౌడు పాతబడితే ఒక్క గట్టి వానకు నీరు తాగి బరువెక్కుతుంది, దూలాలు విరుగుతాయి. దేవుడి దయవల్ల మనుషులకు ఏమీ కాలేదు, రెండు మేకలు చచ్చిపోయాయి. కరణం రిపోర్టు రాశాడు, రెవెన్యూ ఇన్‌స్పెక్టరు చూసి వచ్చాడు. కాగితం పై ఆఫీసుకు వెళ్లింది. అక్కడినుంచి ఒక్క ప్రశ్నతో తిరిగొచ్చింది. మీరు చెప్పిన తేదీన, దాని మరుసటి తేదీన తాలూకాలో వర్షపాతం సున్నా కదా, ఇల్లు వానకు కూలిందని ఎలా చెబుతున్నారు?

ఆ ప్రశ్నకు జవాబు తెలిసినవాడు తాలూకాలో నేనొక్కణ్ణే. హెడ్ గుమస్తాగారి దగ్గరకు వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి, “ప్రొబేషన్‌లో ఉన్నావు. ముసలోనికి ఇంకా ఎనిమిది నెలల సర్వీసుంది. నోరు మూసుకో” అన్నారు. మూసుకున్నాను. అర్జీ తిరస్కరించినట్టు ఎండార్సుమెంటు కూడా నా చేతులతోనే రాశాను.

అతను దాన్ని తీసుకోవడానికి వచ్చాడు. ఎవరో చదివి చెప్పారు. నా దగ్గరికి వచ్చి, కోపం లేకుండానే అడిగాడు. “సామీ, వాన నా ఇంటి మీద కురిసింది. మీ బుక్కులో కురవలేదంటే నేనేం చేసేది?”

ఆ రోజుల్లో ఆ సాయం పెద్ద మొత్తం కాదు. నాలుగు దూలాలకు, రెండు బండ్ల చౌడుకు వచ్చేది. అది రాలేదు. సంక్రాంతి లోపల అతను పెళ్లాం బిడ్డలతో బెంగుళూరుకు కూలికి పోయాడని విన్నాను. కొన్నేళ్ల తరువాత నేను ఇన్‌స్పెక్టరుగా ఆ ఊరు పోయినప్పుడు చూశాను. మొండిగోడలు అలాగే ఉన్నాయి, మధ్యలో తుమ్మచెట్టు మొలిచింది. నేను ఆ తప్పును దిద్దలేదు. దిద్దానని మీకు చెప్పలేను.

నేను చేయగలిగింది ఒక్కటే. ఆ తరువాత నేను పనిచేసిన ఏ ఆఫీసులోనూ చూడని రోజుకు అంకె వేయనివ్వలేదు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. నేనూ అంచెలంచెలుగా పైకొచ్చి ఎమ్మార్వోనయ్యాను, అప్పట్లో తహసీల్దారును అలాగే పిలిచేవారు. కొత్తగా చేరిన కుర్రవాళ్లకు మొదటిరోజే పుస్తకం చూపించి సున్నా వేరు, ఖాళీ వేరు అని చెప్పేవాణ్ణి. వాళ్లు నా వెనుక నవ్వుకునేవారని నాకు తెలుసు.

2000 తరువాత ఒక కరువు సంవత్సరంలో దాని విలువ తెలిసింది. మా మండలంలో వేరుశనగ ఎండిపోయింది. కానీ సీజను మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి పెద్ద వానలు పడడంవల్ల మొత్తం వర్షపాతం సాధారణానికి మరీ తక్కువగా లేదు. మండలం పేరు కరువు జాబితాలో ఉండదేమోనని అందరికీ భయం. కొందరు పెద్దలు నా గదికి వచ్చి, ఆ చివరి వాన అంకెను కొంచెం తగ్గించమని అడిగారు. వారి స్వార్థానికి కాదు, రైతులకోసమే అడిగారు. నాకు 1975 గుర్తుకొచ్చింది. అప్పుడు తప్పుడు అంకె ఒక పేదవాడి నోరు కొట్టింది, ఇప్పుడు తప్పుడు అంకె వెయ్యిమందికి కూడు పెడుతుందని అంటున్నారు. రాత్రంతా నిద్రపట్టలేదు.

పొద్దున్నే రిజిస్టరు ముందేసుకుని, మొత్తాలు వదిలిపెట్టి రోజులు లెక్కపెట్టాను. 2.5 మిల్లీమీటర్లు అంతకు మించి పడితేనే వాతావరణ శాఖ దాన్ని వర్షపు రోజుగా లెక్కిస్తుంది. ఊడలు దిగి కాయ ఊరే కాలంలో నలభై రోజులకు పైగా అటువంటి రోజు ఒక్కటీ లేదు. ప్రతి గడిలోనూ సున్నా ఉంది, ప్రతి సున్నా చూసి వేసిన సున్నా. అంకె మార్చకుండా ఆ నలభై రోజుల పట్టికనే రిపోర్టుకు జతచేశాను. విచారణకు వచ్చిన అధికారి పుస్తకం తిరగేసి, నడుమ రెండుచోట్ల గీతలు, పక్కన “బంట్రోతు సెలవు, కొలవలేదు” అన్న రిమార్కులు చూసి, ఇక మిగతా అంకెలను ప్రశ్నించలేదు. మా మండలం పేరు జాబితాలోకి వచ్చింది. దానికి నా పట్టిక ఒక్కటే కారణమని చెప్పను. కానీ తెలియదని ఒప్పుకున్న ఆ రెండు గడులు మిగతా గడులకు సాక్ష్యం చెప్పాయని నా నమ్మకం.

మిత్రులారా, ఇప్పుడు కాలం మారింది. మండలాల్లో ఆటోమేటిక్ స్టేషన్లు వచ్చాయి. వాటిలో రెండు చిన్న తొట్లు త్రాసులా అటూఇటూ ఊగుతుంటాయి. ఒకటి నిండగానే ఒరిగి నీళ్లు వదిలేస్తుంది, రెండోది కిందికి వస్తుంది. ఎన్నిసార్లు ఒరిగిందో లెక్కవేస్తే వాన లెక్క వస్తుంది. ఆ లెక్క అప్పటికప్పుడు కంప్యూటరుకు చేరుతుంది. పాదరసం విషం కాబట్టి 2013 నాటి మినమాటా ఒడంబడిక తరువాత ప్రపంచమంతా పాదరసపు థర్మామీటర్లను కూడా పక్కన పెడుతున్నారు. ఇవన్నీ మంచివే. దసరాకు అత్తగారింటికి పోని గుమస్తా దొరికాడు. అయినా గరాటులో వేపాకు అడ్డం పడితే, సాలీడు గూడు కడితే ఆ యంత్రమూ వానలో నిలబడి సున్నా పంపుతుంది. అది సున్నానా ఖాళీనా అని అనుమానించవలసింది మనిషే. పైగా ఒక ఎద్దుకు ఒక కొమ్ము తడిస్తే రెండో కొమ్ము తడవని వానలు మనవి. మండలానికి ఒక గేజ్ ప్రతి చేను సంగతీ చెప్పలేదు.

ఇంకొక్క మాట. వాతావరణ శాఖ ఇప్పుడు నైరుతి రుతుపవనాలకు దేశం మొత్తం మీద సాధారణం అని చెప్పే 87 సెంటీమీటర్లు 1971 నుంచి 2020 వరకు 50 ఏళ్ల సగటు. అందులో మనవంటి గుమస్తాలు, బంట్రోతులు వంగి చూసిన గ్లాసులు ఎన్నో ఉన్నాయి. పేరు లేకపోయినా మన పని దానిలో ఉంది. అలాగే నా మూడు సున్నాలు ఏదో ఒక తాలూకా పుస్తకంలో ఈనాటికీ వాన లేదని చెబుతూనే ఉంటాయి.

చివరగా ఒక మనవి. మనకు తీరిక ఉంది. నిటారు గోడలు, చదునైన అడుగు ఉన్న డబ్బా ఒకటి తీసుకుని ఇంటి ఆవరణలో గోడకు, చెట్టుకు దూరంగా పెట్టండి. ఉదయం 8.30కి స్కేలు ముంచి చూడండి. ఒక మిల్లీమీటరు అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. మీ డాబా నూరు చదరపు మీటర్లైతే పది మిల్లీమీటర్ల వానకు వెయ్యి లీటర్లు కాలువలో పోతున్నాయన్నమాట. ఎకరానికైతే అదే వాన నలభై వేల లీటర్లు. ఈ లెక్క తెలిస్తే మీ పిల్లలు ఇంకుడు గుంత తవ్వడానికి మీరు వేరే ఉపన్యాసం ఇవ్వనక్కరలేదు.

మా ఇంట్లో ఈ పని నా మనవరాలు చేస్తుంది. పాత డైరీలో రాస్తుంది. మొన్న కార్తీకంలో పెళ్లికని మూడు రోజులు ఊరు పోయి వచ్చాం. డైరీ తెచ్చి, “తాతా, ఈ మూడు రోజులకు సున్నా వేయనా?” అని అడిగింది. వద్దమ్మా, గీత పెట్టి ‘ఊళ్లో లేము’ అని రాయి అన్నాను. రాసింది. యాభై ఏళ్ల కిందట నేను రాయలేకపోయిన మాట అది.